లారీ ఎక్కిన పెళ్లికారు

మా బావమరిది పెళ్లి వీడియోలో ఒకచోట బ్యాండు మేళం ఠక్కున ఆగిపోతుంది. పంతులుగారు నోరు తెరుస్తారు. మా మామగారు రెండు చేతులతో తల పట్టుకుంటారు. కెమెరా మెల్లగా పైకి లేస్తుంది. అక్కడ లారీ, లారీలో కారు, కారులో పెళ్లికొడుకు. ఆ కారు నాది. దాన్ని లారీ ఎక్కించిన బుర్ర కూడా నాదే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, మీరూ నవ్వుకోండి. మా చుట్టాలంతా ఎప్పుడో నవ్వేశారు.

నేను పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. సరుకును లారీల్లోకి ఎక్కించి పంపడం నా పని. రావడానికీ పోవడానికీ కంపెనీ బస్సు ఉంది. అందుచేత కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంటు కింద నా కారు కవరు కప్పుకుని, రిటైరైన పెద్దమనిషిలా హాయిగా పడుకుని ఉంటుంది. మా స్టోర్స్‌లో పనిచేస్తూ పక్కన ఇన్సూరెన్సులు కూడా చేయించే మల్లేశం ఇది కనిపెట్టి, ఒకరోజు క్యాంటీన్లో నన్ను పట్టుకున్నాడు.

"అన్నా, తిరగని కారుకు నిండా ఇన్సూరెన్సు ఎందుకే? కిలోమీటర్ల లెక్కన తీస్కో. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని ముందే చెప్తవు, గంతకే కడ్తవు. గవి దాటినంక నీ కారుకు దెబ్బ తాకితే మాత్రం కంపెనీ పైసలియ్యది. గట్ల దాటేటట్టుంటే ఏం చేయాల్నంటే..."

"సమజైంది తియ్," అన్నాను. నిజానికి నాకు అర్థమైంది సగమే. మిగతా సగం వినకుండా నేను వేడివేడి మిర్చిబజ్జీల వైపు నడిచాను.

అన్నిటికన్నా తక్కువ కిలోమీటర్ల పాలసీ తీసుకున్నాను. ఆ రోజు నుంచి నాకు కిలోమీటర్ల పిచ్చి పట్టింది. మా ఆవిడ సుజాత కారు పేరెత్తితే చాలు, నా గుండె గుభేలుమనేది.

"ఏమండీ, గుడికి కారులో వెళ్దామండీ."

"ఆటో ఉన్నది గద."

"వాన పడుతోందండీ."

"ఆటోకు కూడ పైన కప్పున్నది."

"మనం ఈ కారు కొన్నామా, దత్తత తీసుకున్నామా?" అని ఆవిడ గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ కోపంలో న్యాయం ఉందని నాకు తెలుసు. అయినా మీటరు కదలలేదు కదా అని లోలోపల మురిసిపోయాను. వెనక్కి నడిపితే మీటరు తగ్గుతుందా అని మల్లేశాన్ని అడిగిన మాట కూడా నిజమే. అతను నా వంక చూసిన చూపు గురించి మాత్రం అడక్కండి.

ఇంతలో మా బావమరిది కిరణ్ పెళ్లి కుదిరింది. మా మామగారు గుడివాడ వైపు నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడిన మనిషి. ఎవరినీ ఏదీ అడగరు. అలాంటి ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"అల్లుడుగారూ, వియ్యాలవారిది సంగారెడ్డి గంజి బజారులో పెద్ద దుకాణం. ఊరంతా వాళ్లకు తెలిసినవాళ్లే. అంతమంది ముందు మనం చులకన కాకూడదు. ఎదుర్కోళ్లకు మావాడు మీ కారులో రావాలండి."

"మీరు ఫికర్ చేయకున్రి మామా. నాకు ఇడిసిపెట్టున్రి," అన్నాను ఛాతీ విరుచుకుని.

ఇంటికొచ్చి మీటరు చూస్తే ఛాతీ మళ్లీ లోపలికి పోయింది. మిగిలిన కిలోమీటర్లు సంగారెడ్డి పోవడానికి సరిపోతాయి, తిరిగి రావడానికి చాలవు. అప్పుడు నా బుర్రలో వెలిగింది. మా సరుకు మోసే లారీ ఒకటి పెళ్లినాడు ఖాళీగా సంగారెడ్డి మీదుగానే పోతుంది. పోయేటప్పుడు కారును అందులో పంపిస్తే సరి, వచ్చేటప్పుడు నడుపుకుని రావచ్చు!

డ్రైవర్ యాదగిరి నన్ను ఎగాదిగా చూశాడు. "సార్, బండిని బండి మీద ఎక్కిస్తరా?"

"ఎక్కియ్యి. కిలోమీటర్లు మిగుల్తయ్."

"మరి నా లారీ కిలోమీటర్లో?"

"నీ ఇన్సూరెన్సు వేరే. నీకు సమజ్ కాదు గని, నడు."

ఎక్కించడం చిటికెలో అయిపోయింది. మా గోదాము ముందు లారీ ఎత్తుకు సమానంగా కట్టిన గచ్చు ఉంటుంది. దాన్ని మేం డాక్ అంటాం. లారీ దానికి వెనక నుంచి ఆనుకుంటే సరుకు తిన్నగా లోపలికి పోతుంది. నేనూ పూలదండలు వేసిన కారును అలాగే తోలేశాను. రెండు పక్కలా లారీ చెక్కలు అడ్డం రావడంతో కారు తలుపు తెరుచుకోలేదు. సీట్లు దాటి వెనక డిక్కీలోంచి పాక్కుంటూ బయటపడ్డాను. అదైనా ఒక హెచ్చరిక అనుకోవలసింది. నేను అనుకోలేదు.

సంగారెడ్డిలో ఫంక్షన్ హాలుకు ముందున్న మలుపులో లారీ ఆగింది.

"ఇగ దించు యాదగిరీ."

"దించుత సార్. డాక్ ఏది?"

నేను చుట్టూ చూశాను. పాన్ డబ్బా ఉంది. చెరుకురసం బండి ఉంది. డాక్ లేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి లారీ ఆగిన ప్రతిచోటా డాక్ చూసిన మనిషిని. నడిరోడ్డు మీద అది ఉండదన్న సంగతి నాకు తట్టనే లేదు.

అప్పుడే మా వాళ్ల బస్సు వచ్చింది. మామగారు దిగి, "కారేదండీ అల్లుడుగారూ?" అన్నారు. నేను వేలు పైకెత్తాను. ఆయన తలెత్తి చూసి, కండువాతో ముఖం తుడుచుకున్నారు. తిట్టినా బాగుండేది. నాకు సిగ్గేసింది. నోరు తెరిచి అడగని మనిషి ఒక్కటంటే ఒక్కటి అడిగితే, నేను చేసిన నిర్వాకం ఇది.

అవతల నుంచి ఆడపెళ్లివారి బ్యాండు దగ్గరికొస్తోంది. కిరణ్ పట్టుపంచె ఎగ్గట్టాడు. "ముహూర్తం మించిపోతోంది బావా. అది కిందికి రాకపోతే నేనే పైకెక్కుతా," అంటూ లారీ ఎక్కి డిక్కీలోకి దూరాడు. "ఒరేయ్, బాసికం జాగ్రత్తరా!" అని మా అత్తగారు కింద నుంచి కేకలు పెట్టారు.

పెళ్లికూతురి తండ్రి శంకరయ్య దండ పట్టుకుని లారీ ముందుకొచ్చి ఆగాడు.

"పెళ్లికొడుకు ఏడి?"

"కార్ల ఉన్నడు," అన్నాను.

"కారేది?"

"లారీల ఉన్నది."

"లారీల ఎందుకున్నది?"

"పోదాం పాండ్రి, టైమైతున్నది," అని చేతులు ఊపాను. బ్యాండు మోగింది, లారీ కదిలింది. హాలు గేటుకు పూలతో స్వాగత తోరణం కట్టారు. యాదగిరి తన క్యాబిన్ ఎత్తు చూసుకున్నాడు, అది పట్టింది. వెనక కారు ఇంకాస్త ఎత్తున ఉందన్న మాట ఇద్దరమూ మరిచాం.

ఫెళఫెళమంటూ తోరణం మొత్తం కారు మీద కూలింది. మేళం ఆగింది. వీడియోలో మీరు చూసేది ఈ క్షణమే. బంతిపూల కుప్పలోంచి కిరణ్ గొంతు వినిపించింది: "బావా, ఇప్పుడు దిగొచ్చా?"

ముందుగా నవ్వింది పెళ్లికూతురి నానమ్మ. తర్వాత శంకరయ్య, ఆ తర్వాత వీధి వీధంతా. శంకరయ్య మా మామగారిని గట్టిగా కౌగిలించుకుని, "బావగారూ, మా సంగారెడ్డిల ఇసుంటి ఎదుర్కోళ్లు ఎవ్వలు సూడలే. పిల్లగాడు మాత్రం బంగారం, అలగకుంట లారీ ఎక్కిండు!" అన్నాడు. మామగారి ముఖంలోకి నవ్వు తిరిగొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కారు పైకప్పు మాత్రం పళ్లెంలా లోపలికి సొట్టబోయింది. భోజనాల దగ్గర, నేను పిలిస్తే పెళ్లికొచ్చిన మల్లేశం దొరికితే అంతా చెప్పాను. అతని చేతిలో పూరీ అలాగే ఉండిపోయింది.

"కిలోమీటర్లు అయిపోయేటట్టుంటే ఫోన్ల పెంచుకోవచ్చని ఆ దినమే చెప్తున్న, నువ్వు బజ్జీలకు పోతివి. అయినా నీకు కిలోమీటర్లు తక్కువేడున్నయే? మొన్న నేను ఫోన్ చేస్తే నీ ఫోన్లకొచ్చిన ఓటీపీ నంబర్ చెప్తివి గద, గప్పుడే పాలసీ కొత్తగ చేసిన. పాత ఏడాది ఖతం. పెళ్లి పొద్దుకు నీ తాన మొత్తం కిలోమీటర్లు కొత్తగ ఉన్నయ్."

"మరి నేను ఏడాదంత మిగిల్చినయో?"

"అవి ఏడాదితోనే పోయినయ్. దాసుకునేటందుకు అవేమన్న పచ్చడా అన్నా?"

మర్నాడు కారును మా డాక్ దగ్గరే దించి ఇంటికి తెచ్చాక, స్టీరింగు మీద చెయ్యి వేసి, సుజాత సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో కిలోమీటర్లు దాచను. ఎదుటివాడి మాట పూర్తికాక ముందు బజ్జీల వైపు అడుగు వెయ్యను. చక్రాలున్న దేన్నీ చక్రాలున్న మరొక దాని మీదికి ఎక్కించను.

సుజాత అంతా విని, అవతలి పక్క తలుపు తెరిచి ముందు సీట్లో కూర్చుంది.

"సరే, పోనివ్వండి."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ఊరికే."