మొద్దుబారిన కాలిని పట్టుకున్నదెవరు

ఒట్టు వేయమంటే వేస్తాను, ఎవరి మీదైనా సరే. ఇది నాకు జరిగింది... స్పృహలో ఉండగానే జరిగింది.

అప్పుడు నాకు ఏడో నెల. రాయగడలో మాకు ఉల్లిపాయల హోల్‌సేల్ దుకాణం. ఆయన సరుకు కోసం ఊరెళ్లారు. కుడి నడుములో పొడిచినట్టు నొప్పి. వాంతులు. పైగా చలిజ్వరం. మా అత్తే నన్ను కారెక్కించి కొరాపుట్ ఆసుపత్రికి తీసుకొచ్చింది.

స్కానింగ్‌లో తేలింది. కిడ్నీ నుంచి మూత్రం దిగే దారిలో రాయి అడ్డం పడింది. పైన చీము పడుతోంది. రాయి కాన్పయ్యాక తీస్తాం, ఇప్పుడు సన్నటి గొట్టం వేసి దారి చెయ్యాలి, ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదం అన్నాడు డాక్టరు, హిందీలో.

"కడుపులో పిల్లకేటీ అవదు కదా?" అని అడిగింది అత్త.

"ఎక్స్‌రే వాడరమ్మా. స్కానింగ్ చూస్తూనే వేస్తారు" అంది మత్తు డాక్టరు. ఆవిడది పార్వతీపురం.

బయట చీకటి పడింది. వాన. థియేటర్లో చలి. వెన్నులో సూది పొడిచారు. నడుం కింద అంతా మొద్దుబారింది. మత్తు డాక్టరు నా తొడ గిల్లింది. తెలియలేదు. కాళ్లు పైకెత్తి పట్టీలు బిగించారు. నాకు కనబడకుండా ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. బీప్... బీప్... ఎక్కడో నీళ్లు బొట్టుబొట్టుగా పడుతున్నాయి.

అప్పుడు...

ఎవరో నా కుడికాలి బొటనవేలు పట్టుకున్నారు.

ముందు మెల్లగా. చల్లటి వేళ్లు... తడిగా, గరుగ్గా. తర్వాత పాదం... మడమ... చీలమండ. ఒక్కో వేలూ విడివిడిగా తెలుస్తోంది. జారిపోయేదాన్ని ఆపుతున్నట్టు. లేక... లాగుతున్నట్టా?

"మేడమ్, ఎవరో నా కాలు పట్టుకున్నారండీ."

ఆవిడ గుడ్డ పైనుంచి తొంగి చూసింది. "ఎవరూ లేరమ్మా. మత్తుకి అలా అనిపిస్తది."

"వదలమని సెప్పండి."

ఆవిడ వెళ్లి పాదం మీద గిల్లింది. "ఇది తెలుస్తందా?"

తెలియలేదు. ఆ చెయ్యి మాత్రం తెలుస్తోంది... ఇంకా బిగుస్తోంది.

గుడ్డ అవతల డాక్టరు అయిపోయిందన్నాడు. పట్టు వదిలింది. ఒక్కో వేలూ... ఒక్కో వేలూ. వెంటనే కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది.

వార్డులోకి తెచ్చాక అత్తకి చెప్పాను. భయపడి ఏదో అనుకున్నావంటుందని చూశాను.

"ఏ కాలు?" అంది.

"కుడికాలు."

 అత్త దుప్పటి లాగి నా పాదాలు కప్పింది. "ఈ మాట ఎవులికీ సెప్పకమ్మీ."

జ్వరం దిగింది. మధ్యలో ఒకసారి గొట్టం మార్చారు. అప్పుడు ఏ చెయ్యీ రాలేదు. నెలలు నిండాక పాప పుట్టింది. ఆ తర్వాత రాయీ తీసేశారు.

మత్తే అయ్యుండొచ్చు. పగలు నేనూ అలాగే అనుకుంటాను. కానీ అత్తని ఎన్నిసార్లు అడిగానో... కుడికాలైతే ఏటత్తా?

వింటుంది.  పాపని ఒళ్లోకి తీసుకుని కాళ్లకి మేజోళ్లు తొడుగుతుంది... నడివేసవిలో కూడా.