మురికికూపమని నేను రాసిన ఇల్లు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి జీతంకంటే పెద్ద మాటలమీద మోజెక్కువ. నాకైతే మరీను. అరకు కొండల్లో ఇళ్ల శుభ్రత చూసి రిపోర్టు రాసే పని నాది (మైదానంలో పుట్టి, కొండెక్కిన నాలుగో రోజుకే అన్నీ తెలిసిపోయినవాణ్ణి). ఒక ఊళ్లో అంగన్‌వాడీ నడిచే ఇంటికి వెళ్లాను. వాకిలంతా చాపలు, కుండలు, దులిపిన మసి, పేడ, ఎర్రమట్టి ముద్దలు, వాటి మధ్య కోళ్లు. గుమ్మం దాటకుండానే 'మురికికూపం' అని రాసి, కింద గీత కూడా గీశాను.

వారం తిరక్కుండా ఆ ఇంటి పెద్దామె, ఊరంతా అప్ప అని పిలిచే మనిషి, నా అద్దె గది వెతుక్కుంటూ వచ్చింది. "బాబూ, నువ్వు రాసిన మాటకి పిల్లల బడి గెడ్డ అవతలకి మార్సేత్తారంట. వానల్లో వాగు పొంగితే సిన్న పిల్లగుంటలు ఆ గెడ్డ దాటగలరేటి? ఇంతకీ ఆ మాటేటి?"

నేను గొంతు సవరించుకున్నాను. "మురికి మన మాటే. కూపం సంస్కృతం, బావి అని అర్థం. బావిలో పడ్డట్టు మనుషులు మురికిలో మునిగి బతికే చోటన్నమాట."

అప్ప నా గదంతా కలయజూసింది. మంచం కింద మూడు రోజుల ఎంగిలి కంచాలు, తలుపుమీద తడి లుంగీ, మూల కంపుకొడుతున్న సాక్సులు. "ఓహో, ఇలాగుంటాదన్నమాట," అంది. "పండగొత్తందని సామానంతా బైటెట్టి ఇల్లు అలుకుతున్నాం బాబూ. తానం సేత్తన్నోణ్ణి సూసి, ఆడికి బట్టల్లేవని రాసేత్తారేటి?" అని కొంగు బిగించి, "సీపురెక్కడ?" అంది.

"కొనలేదండీ," అన్నాను. కొండెక్కాక నా నోట 'అండీ' రావడం అదే మొదలు.

మర్నాడే వెళ్లి ఆ ఇంటి లోపలికి అడుగుపెట్టాను. కింద పడ్డ మెతుకు ఏరుకుని తినొచ్చు, అంత శుభ్రం. రిపోర్టు మార్చాను, బడి అక్కడే నిలిచింది. కానీ తప్పు నాదని రాయడానికి చెయ్యి రాలేదు. 'నా సలహాలు పాటించి ఇల్లు బాగుచేసుకున్నారు' అని రాశాను. మీటింగులో పై ఆఫీసరు నన్ను లేపి మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొడితే, నమస్కారం కూడా పెట్టాను!

నిజం ఇది: ఆ ఇంటికి నేను నేర్పింది ఏమీ లేదు. నాకు నలభై ఏళ్లు దాటాక ఒకసారి వెళ్లి, అప్పతో ఈ మాటే చెప్పుకున్నాను. "పోన్లే బాబూ, గుంటలు గెడ్డ దాటలేదు కదా," అని నవ్వింది. మనసు తేలికై కిందికి చూసుకుంటే, ఆమె పొద్దున్నే అలికిన అరుగుమీద బురద చెప్పులతో కూర్చుని ఉన్నాను. అప్ప అప్పటికే చూసింది.