సగం ఉడికిన హ్యాండిళ్ళు

మా అత్తగారి కాలి మీద పప్పు పడిన రోజు ఆదివారం కావడంతో ఇంట్లో అందరం ఉన్నాం. ఆమె పప్పుకు తాలింపు పెట్టి, కుక్కర్‌ని స్టవ్ మీంచి దించుతుండగా హ్యాండిలు పటుక్కున విరిగింది. కుక్కర్ ఒక పక్కకు ఒరిగింది. నేను ఆమెను పంపు దగ్గరికి తీసుకుపోయి పాదం మీద చన్నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. బొబ్బలు లేచాయిగానీ అదృష్టం కొద్దీ పెద్ద గాయం కాలేదు. మామగారు ముందు ఆమె పాదం చూశారు. తరువాత వంటింట్లోకి వెళ్ళి, నేల మీద పడిన నల్లటి ముక్కను ఏరి చేతిలో తిప్పి తిప్పి చూశారు. ఆ హ్యాండిలు ఆయన చేసిందే.

రాయపురంలో మా ఇంటి వెనక సందులో ఆయనకు చిన్న వర్క్‌షాపు ఉండేది. బేకలైటు అనే ప్లాస్టిక్ పొడిని ఇనుప అచ్చులో పోసి వేడి ప్రెస్సు కింద నొక్కితే అది ఉడికి గట్టిపడి, కుక్కర్లకూ పెనాలకూ పెట్టే నల్లటి హ్యాండిళ్ళు తయారయ్యేవి. ఆ పొడి సౌకార్‌పేటలోని ఒక వ్యాపారి దగ్గర కొనేవారు. ఆయనా మాలాగే కొన్ని తరాల కింద ఈ తమిళ ఊళ్ళో స్థిరపడిన తెలుగువాడు. మామగారికి చిన్ననాటి స్నేహితుడు, పెళ్ళిలో మా తలంబ్రాల పళ్ళెం పట్టుకుని నిలబడినంత దగ్గరివాడు.

అప్పటికే రెండు దుకాణాల వాళ్ళు హ్యాండిళ్ళు బీటలిస్తున్నాయని వాపసు పంపి ఉన్నారు. ఇప్పుడు సొంత వంటింట్లోనే విరిగింది. ఆ సాయంత్రమే మామగారు సౌకార్‌పేట వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి, "నువ్వు ఇచ్చిన పొడి కల్తీది. నా భార్య కాలు కాలింది" అని చెప్పి తిరిగొచ్చారు. మరునాటి నుంచి ఇద్దరి మధ్య మాటల్లేవు.

తొంభైల మొదట్లో జరిగిన సంగతి ఇది. నాకు పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, గిండీ పారిశ్రామికవాడలో ఒక పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. రోజూ బీచ్ స్టేషన్లో ఎలక్ట్రిక్ రైలెక్కి గిండీలో దిగేదాన్ని. పదార్థాలు వేడికి ఎలా స్పందిస్తాయో చూడడం నా పని. దానికి మా దగ్గర ఉన్న మెషీన్‌ని డీఎస్సీ అనేవాళ్ళం. ఆ మాట వినగానే నెల్లూరులోని మా బంధువులు నేను టీచరు ఉద్యోగానికి రాస్తున్నాననుకునేవారు.

మెషీన్ చేసే పని అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. చొక్కా గుండీ కంటే చిన్న గిన్నెలు రెండుంటాయి. ఒకదాంట్లో పరీక్షించవలసినది చిటికెడు వేస్తాం. రెండోది ఖాళీగా ఉంచుతాం. రెండింటినీ ఒకే తీరున, మెల్లగా వేడిచేస్తూ పోతాం. లోపలి పదార్థం కరుగుతుంటే ఖాళీ గిన్నె కంటే ఎక్కువ వేడి తాగుతుంది. లోపల రసాయన చర్య ఏదైనా జరుగుతుంటే తానే వేడిని కక్కుతుంది. ఆ తేడాని ఒక పెన్ను కాగితం మీద గీస్తూ పోతుంది. ఏమీ జరగకపోతే గీత తిన్నగా సాగుతుంది. పదార్థం వేడి కక్కితే గుట్టలా లేస్తుంది, తాగితే గుంటలా దిగుతుంది. పొద్దున్నే ఇండియం అనే మెత్తటి లోహపు ముక్కను కరిగించి, అది నూటయాభై ఆరున్నర డిగ్రీల దగ్గర కరిగితేనే ఆ రోజు పని మొదలుపెట్టేదాన్ని. అందుకే ఆ గీత మీద నాకు గట్టి నమ్మకం.

ఆ ఆదివారం రాత్రి భోజనాల దగ్గర మామగారితో చెప్పాను. "మామా, ఆ పొడి కొంచెం, విరిగిన హ్యాండిలు, బాగుండే హ్యాండిళ్ళు కొన్ని నాకు ఇవ్వండి. ల్యాబులో చూస్తాను."

"దాంట్లో చూసేదానికి ఏముండాదిమ్మా? పొడి చెడిపోయింది, అంతే గదా" అన్నారు.

"చెడిపోయిందో లేదో చెప్పేదే మా పని."

అత్తగారు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "ఇయ్యండి, ఏం పోతాది? కాలింది నా కాలు. నాకు తెలుసుకోవాలని ఉండాది" అన్నారు. మరునాడు టిఫిన్ సంచిలో అవన్నీ వేసుకుని రైలెక్కాను.

మా ల్యాబు అధికారి మంచివాడు. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు చేసుకోమన్నాడు. బేకలైటు వేడెక్కితే ఆవిరి వదులుతుంది. ఆవిరి తప్పించుకుంటే గీత తప్పుడు కథ చెబుతుంది కాబట్టి మూత బిగించే స్టీలు గిన్నెలు వాడాను. ముందు పొడి పెట్టాను. గీత పెద్ద గుట్టలా లేచి దిగింది. అది మంచి గుర్తు. పొడిలో ఉడకవలసింది పూర్తిగా ఉందని, వేడి తగలగానే బిగుసుకోవడానికి సిద్ధంగా ఉందని అర్థం. అదే రకం పొడి, మంచిదని తేలిన పాత నమూనా, మా ల్యాబులోనే ఉంటే దాన్నీ పెట్టి చూశాను. రెండు గుట్టలూ ఒకలాగే వచ్చాయి. పొడిలో దోషం లేదు.

తరువాత విరిగిన హ్యాండిలు నుంచి కొంచెం గీకి పెట్టాను. ప్రెస్సులో బాగా ఉడికిన బేకలైటు అయితే గీత తిన్నగా పోవాలి. పోలేదు. మళ్ళీ గుట్ట లేచింది, పొడి అంత పెద్దది కాదుగానీ స్పష్టమైన గుట్టే. అంటే ఉడకవలసింది కొంత లోపల మిగిలిపోయింది. పైకి నల్లగా నిగనిగలాడుతున్నా లోపల పచ్చిగానే ఉంది. మిగిలిన హ్యాండిళ్ళు చూస్తే కొన్ని తిన్నని గీత ఇచ్చాయి, కొన్ని గుట్ట ఇచ్చాయి. ఒకే పొడి, ఒకే ప్రెస్సు, రెండు రకాల హ్యాండిళ్ళు. ఇదేమిటని వాటిని తిరగేసి చూశాను. ప్రతి హ్యాండిలు అడుగునా చుక్కలున్నాయి. అచ్చులో ఏ గుంటలోంచి వచ్చిందో తెలియడానికి పెట్టిన గుర్తులవి. చుక్కల లెక్క చూస్తే, పచ్చివన్నీ అచ్చు ఎడమ సగంలో పుట్టినవి.

ఇంటికొచ్చి చెప్పాను. "మామా, పొడి మంచిదే. మన ప్రెస్సులో ఎడమపక్క వేడి చాలడం లేదు."

ఆయన కంచంలోంచి చెయ్యి తీశారు. "ముప్పై ఏండ్లుగా ఆ ప్రెస్సు నడపతా ఉండాను. థర్మామీటరు రోజూ చూస్తా ఉండాను. నువ్వు చిటికెడు గీకి నాకు చెప్తావా?"

"మీరే వచ్చి చూడండి" అన్నాను. కొత్తకోడలు అలా మాట్లాడకూడదని నాకు తెలియకపోలేదు. కానీ నేను చెప్పేది నిజం. నిజాన్ని నసుగుతూ చెప్పడం నాకు చేతకాదు.

ఆయన నిజంగానే వచ్చారు. ఉతికిన చొక్కా వేసుకుని, నా పక్కనే రైల్లో కూర్చున్నారు. ల్యాబులో జేబులోంచి కొన్ని కాగితం పొట్లాలు తీసి బల్ల మీద పెట్టారు. హ్యాండిళ్ళు ఆయనే గీకి తెచ్చారు. ఏ పొట్లం ఏ గుంటదో ఆయనకొక్కరికే తెలుసు.

"ఇప్పుడు చెప్పమ్మా, ఏది ఏ పక్కదో" అన్నారు.

నాకు కోపం రాలేదు. నేనైనా అలాగే చేసి ఉండేదాన్ని. ఒక్కొక్క పొట్లమూ గిన్నెలో వేసి మూత బిగించాను. ఒక్కోదానికి అరగంట పట్టింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని పెన్ను కదలడమే చూస్తూ కూర్చున్నారు. మొదటిది తిన్నగా పోయింది. "కుడిపక్కది" అన్నాను. రెండోదీ అంతే. మూడోదానికి గీత లేవడం మొదలవగానే ఆయన ముందుకు వంగారు. గుట్ట పూర్తయ్యేదాకా ఆగి, "ఇది ఎడమపక్కది" అన్నాను.

ఆయన తల ఊపారు. మిగతా పొట్లాలకు కూడా నేను చెప్పింది ఒక్కటీ తప్పలేదు.

చివర ఆయన కాగితం మీద ఆ గుట్టను వేలితో తడిమి, "ఇది నిండా ఉడకలేదని ఇట్ల చూపిస్తాదా?" అని అడిగారు.

"అవును మామా. మీ థర్మామీటరు ప్రెస్సుకు ఏ పక్క ఉంది?"

ఆయన కాగితం మీంచి వేలు తీసి, "కుడిపక్క" అన్నారు.

వర్క్‌షాపుకి చేరగానే ప్రెస్సు ఆపించి, ఎడమవైపు రేకు విప్పారు. లోపల హీటరు కడ్డీ ఒకటి మాడిపోయి ఉంది. ఎన్ని నెలల నుంచో ఆ పక్క పలక తన వేడి తాను పుట్టించుకోక, కుడివైపు నుంచి అరువు తెచ్చుకుంటోంది. ఆయన మాడిన కడ్డీని అరచేతిలో పెట్టుకుని, "ఈడ చేయి పెట్టి చూసింటే నాకే తెలిసుండును" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. పనివాడు తన పనిముట్టుతో మాట్లాడుతున్నట్టు ఉంది.

కడ్డీ మార్చారు. ఎడమపక్క కూడా ఒక థర్మామీటరు పెట్టించారు. దుకాణాల్లో మిగిలిన ఎడమ గుంటల హ్యాండిళ్ళన్నీ తెప్పించి, సుత్తితో పగలగొట్టించారు.

సౌకార్‌పేటకు మాత్రం నన్ను కూడా రమ్మన్నారు. ఆ ఇరుకు వీధిలో తోపుడుబళ్ళ మధ్య ఆటో ఆగిపోతే దిగి నడిచాం. స్నేహితుడు దుకాణంలో గద్దె మీద కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేవలేదు. మామగారు గడప దాటి లోపలికి వెళ్ళి ఆయన పక్కనే కూర్చున్నారు.

"అన్నా, నీ పొడి మంచిది. తప్పు నాది. నా కోడలు కనిపెట్టింది" అన్నారు.

ఆయన నా వైపు చూశారు. "ఎట్ల కనిపెట్టినావమ్మా?"

నేను సంచిలోంచి గీతల కాగితాలు తీసి ఆయన ఒళ్ళో పరిచాను. పొడి గీత, మంచి హ్యాండిలు గీత, పచ్చి హ్యాండిలు గీత ఒక్కొక్కటే చూపించి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మధ్యలో రెండు ప్రశ్నలు వేశారు. మామగారు నాకంటే ముందు జవాబు చెప్పారు, రెండూ సరిగ్గానే చెప్పారు.

అంతా విన్నాక ఆయన కాగితాలు మడిచి నా చేతికిచ్చి, లోపలికి చూసి కాఫీకి కేకవేశారు. "మూడు తేండి" అన్నారు. తరువాత మామగారి వైపు తిరిగి, "వానాకాలంలో గోడౌనులో పొడికి తేమ పట్టతాది. అది చెడిందా లేదా అని ఈ అమ్మాయి చెప్పగలదా?" అని అడిగారు.

మామగారు నా ముఖం కూడా చూడలేదు. "చెప్తాది" అన్నారు.