బ్యాటరీకి తిప్పానా, మాగ్నెటోకా?

మొన్న మా ఇంటి కాలింగ్ బెల్ పాడైంది. నొక్కితే మోగడం మానేసి, డబ్బాలో చిక్కుకున్న కందిరీగలా జుమ్మని ఒకటే రొద. "ఎలక్ట్రీషియన్ ఇంట్లోనే బెల్లు పనిచెయ్యదు" అని మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రూతమ్మ టీచర్ గారి పాత కారులో తాళంచెవిని బ్యాటరీ వైపు తిప్పగానే కాయిల్ పెట్టెలోంచి సరిగ్గా ఇలాంటి రొదే వచ్చేది. ఆ కారు ముందు నిలబడి ఇంజిన్ తిప్పే హ్యాండిల్ వెనక్కి తన్ని ఆమె మణికట్టు విరిగిన రోజున ఆ రొద విన్నానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిన సంగతి ఒకటుంది. అది అప్పుడు చెప్పలేదు. మతిమరుపు వచ్చి స్విచ్ ఆపకుండానే హ్యాండిల్ తిప్పి చెయ్యి విరగ్గొట్టుకుందని నాచారంలో ఆమెను ఎరిగినవాళ్లు చాలామంది ఈనాటికీ అనుకుంటారు. ఆమె దేన్నీ మరచిపోలేదు. ఆమె ఇప్పుడు లేరు కాబట్టి ఈ మాట నేనే రాయాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిప్లొమా పట్టుకుని తెనాలి నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో చేరాను. టీచర్ గారి ఇంటి మేడ మీద గది అద్దెకు దొరికింది. ఆమె సైన్సు టీచరుగా రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. వాళ్లది మెదక్ దగ్గర పల్లెటూరు. తండ్రి ఒక మిషన్ ఆసుపత్రిలో డ్రైవరు. అక్కడి దొర డాక్టరు స్వదేశం వెళ్లిపోతూ తన కారును ఆయనకు ఇచ్చి వెళ్లాడట. తండ్రి తర్వాత అది ఆమెదైంది. పెరట్లో రేకుల షెడ్డు వేయించి, అందులో పెట్టుకున్నారు. వాళ్ల చర్చిలో ఏ పెళ్లి జరిగినా, పెళ్లికూతురు చర్చి నుంచి ఫంక్షన్ హాలుకి ఆ కారులో వెళ్లాలి. నడిపేది టీచరే. ఆ కారెక్కని పెళ్లి వాళ్ల లెక్కలో సగం పెళ్లే.

నేను మొదటిసారి షెడ్డులోకి తొంగిచూసినప్పుడు ఆమె కొంగు నడుముకి బిగించి బానెట్ తుడుస్తున్నారు.

"ఏంది శీనూ, గట్ల సూస్తున్నవ్? అదేం కరువదు, రా."

"దీనికి సెల్ఫ్ లేదా టీచర్?"

"ఎందుకు లేదు? నేనే సెల్ఫ్."

ఆ రోజే పాఠం మొదలైంది. స్విచ్ మధ్యలో ఉంటే బంద్. ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క మాగ్నెటో. "బ్యాటరీ ఎప్పుడు రెడీగ ఉంటది. ఇంజిన్ నిలబడి ఉన్నా నిప్పు ఇస్తది. మాగ్నెటో అట్ల గాదు, ఇంజిన్ తిరిగితేనే దాంట్ల కరెంటు పుడతది. అందుకే లేపుడు బ్యాటరీ మీద, నడుపుడు మాగ్నెటో మీద" అన్నారు. నేరుగా మాగ్నెటో మీదే లేపకూడదా అని అడిగాను. నన్ను కిందికీ మీదికీ చూశారు. "లేపొచ్చు. గిర్రున తిప్పే పహిల్వాన్ కావాలె. మీ తెనాల్ల ఎవరన్న ఉంటే తోలుకరా."

ఆ కారు దగ్గర ఆమెకొక పద్ధతి ఉండేది. స్టార్ట్ చేసే ముందు, ఇంజిన్‌లోకి పెట్రోలు లాగడానికి హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పాలి. ఆ సమయంలో స్విచ్ బంద్‌లో ఉండి తీరాలి. అందుకని తాళంచెవిని, ఆమె మాటలో చాబీని, తీసి మెడలో దారానికి వేసుకునేవారు. బంద్‌లో ఉంటే తప్ప అది బయటికి రాదు. హ్యాండిల్ పని అయ్యాక తిరిగివచ్చి, సీట్లో ఉన్న నాకు ఇచ్చేవారు. "చాబీ ఇస్తున్న" అనేవారు. "తీసుకున్నాను" అనాలి నేను. హ్యాండిల్ ఎదురు తన్నకుండా స్పార్క్ మీటను వెనక్కి జరపాలి, జరుపుతూ ఆ మాటా చెప్పాలి. "బ్యాటరీ పెడుతున్నాను" అని అరిచి, ఆమె "కానీ" అన్నాకే చాబీ తిప్పాలి. అప్పుడు ఆమె హ్యాండిల్‌ను గట్టిగా ఒక్క లాగు లాగితే ఇంజిన్ లేచేది. ఒకసారి అరవకుండా తిప్పినందుకు నన్ను కారు దింపేశారు.

"చెప్పి చెయ్యాలె శీనూ. ముంగట నిలబడ్డోళ్లకు నీ చెయ్యి కనబడదు. నీ గొంతే ఇనబడాలె."

ఫ్యాక్టరీలో ప్యానెల్ ముందు కూడా నేను అలాగే అరవడం మొదలుపెట్టాను. మొదట్లో "పూజారి మంత్రాలు" అని ఏడిపించారు. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్లు కూడా చెప్పకుండా స్విచ్ వేయరు. అది ఎవరు నేర్పారో వాళ్లకు తెలియదు.

ఇక నా సంగతి. ఒకరోజు స్విచ్ లోపల శుభ్రం చేయమని టీచర్ చాబీ నా చేతిలో పెట్టారు. శుభ్రం చేశాను. దాంతోపాటు ఉప్పల్ చౌరస్తాకు వెళ్లి దానికి జత చాబీ చేయించుకున్నాను. ఆమె ఊరెళ్లినప్పుడు ఫ్యాక్టరీ స్నేహితుల ముందు ఆ కారు లేపి చూపిద్దామని. ఆ ముచ్చట ఎప్పుడూ తీరలేదు. చాబీ మాత్రం నా పర్సులో ఉండిపోయింది.

ఆమె మణికట్టు విరిగిన ఆ పెళ్లి ఎండాకాలంలో జరిగింది. ఉప్పల్ రోడ్డు మీద, ఫంక్షన్ హాలు ఇంకా కొంత దూరం ఉండగా కారు ఆగిపోయింది. వెనుక సీట్లో తెల్ల చీరలో పెళ్లికూతురు. ముందు బ్యాండు ఆగకుండా వాయిస్తోంది. వెనుక బస్సుల హారన్లు. "టీచరమ్మా, నూకాల్నా?" అని కారును నెట్టడానికి చేతులు చాచి పెళ్లికొడుకు తరఫు కుర్రాళ్లు వెటకారం. టీచర్ స్విచ్ ఆపి, చాబీ మెడలో వేసుకుని, హ్యాండిల్ పట్టుకుని ముందుకు వెళ్లారు. నేను ఆమె సీట్లోకి జరిగాను. మళ్లీ ఆమె తిరిగివచ్చి చాబీ ఇచ్చి, మళ్లీ ముందుకు వెళ్లడం ఎందుకు, ఒక్క నిమిషమైనా కలిసొస్తుందనుకున్నాను. పర్సులోంచి నా చాబీ తీసి పెట్టి తిప్పాను. నోరు విప్పలేదు.

మాగ్నెటో వైపే తిప్పానని నా గుర్తు. అది ఇంజిన్ తిరిగేదాకా ఏమీ చేయదు కదా అని ఆలోచించినట్టు కూడా గుర్తు. కానీ అప్పటికామె ఇంకా పెట్రోలు లాగడానికి నెమ్మదిగానే తిప్పుతున్నారు. ఆ కాస్త కదలికకు మాగ్నెటో మీద ఇంజిన్ అందుకోదు. కాబట్టి బ్యాటరీకే తిప్పి ఉండాలి. అలాగైతే కాయిల్ రొద వినిపించాలి. బ్యాండు మోతలో వినిపించలేదేమో. మాగ్నెటో అయితే ఏమీ కాదన్న ఆలోచన నిజంగా అప్పుడే వచ్చిందా, నన్ను నేను కాపాడుకోవడానికి తర్వాత అల్లుకున్నానా? ఎన్నిసార్లు తలచుకున్నా నా చెయ్యి ఒక్కోసారి ఒక్కో వైపు తిరుగుతుంది. స్పార్క్ మీట మాత్రం బండి నడిచేటప్పటి చోటే ఉంది. దాన్ని నేను వెనక్కి జరపలేదు. ఢబ్బుమని ఒక్క దెబ్బ. హ్యాండిల్ వెనక్కి తన్నింది. టీచర్ రోడ్డు మీద కూర్చుండిపోయారు. జనమంతా ఆమె వైపు పరిగెత్తారు. నేను చాబీ తీసి జేబులో వేసుకున్నాను. దిగింది ఆ తర్వాతే.

దవాఖానాలో కట్టు వేయించాక ఆమె తమ్ముడి కొడుకు డేవిడ్ వచ్చాడు.

"అత్తమ్మా, స్విచ్ బంద్ చెయ్యకనే తిప్పినవ్. వయసైంది, ఇగ చాలు."

"చాబీ నా మెడల ఉన్నది రా. సూడు. బంద్ చెయ్యకుంటె ఎట్ల వస్తది బయటికి?"

"దెబ్బ తగిలినంక తీసి ఏసుకున్నవేమో. నీకు యాది లేదు."

ఆమె నా వైపు తిరిగారు. "శీనూ, నువ్వు సీట్ల ఉంటివి గద. చాబీ నీకిచ్చిన్నా నేను?"

"ఏమో టీచర్. ఆ గొడవలో చూసుకోలేదు" అన్నాను.

ఆమె కట్టులేని చేత్తో దారాన్ని తడుముకుంటూ ఉండిపోయారు. నన్ను అనుమానించలేదు. తనను తాను అనుమానించుకోవడం అక్కడే మొదలుపెట్టారు.

నేను చూస్తుండగానే ఆమె మారిపోయారు. గ్యాస్ ఆపి వచ్చి కూర్చుని, మళ్లీ లేచి వెళ్లి చూసేవారు. "కూరల ఉప్పేసిన్నా శీనూ?" అని మేడ కింద నుంచి నన్నడిగేవారు, నాకెలా తెలుస్తుందని? ఆదివారం పిల్లలకు పాఠం చెప్పడం మానేశారు. "తప్పు చెప్తనేమో" అన్నారు. కారును సైనిక్‌పురిలో ఎవరికో అమ్మేద్దామని డేవిడ్ అంటే, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. కారు తోలుకెళ్తున్నప్పుడు గేటు తలుపు పట్టుకున్నది నేనే. తర్వాత నాకు పెళ్లయింది, నాగారం మారిపోయాను. వేడెక్కిన ఇంజిన్ స్విచ్ లేకుండా కూడా ఒక్కోసారి అందుకుంటుందని ఎవరో మెకానిక్ అంటే, ఆ మాటను కొన్నేళ్లు పట్టుకుని బతికాను.

తెలంగాణ వచ్చిన ఏడాది, ఒక పెళ్లి పత్రిక ఇవ్వడానికి నాచారం వెళ్లాను. డేవిడ్ కూడా అక్కడే ఉన్నాడు. టీచర్ బాగా చిక్కిపోయారు. టీ పెట్టడానికి లేవబోతుంటే డేవిడ్ ఆపాడు. "నువ్వు కూసో అత్తమ్మా. స్టవ్ కాడికి పోకు, మొన్న గిన్నె మాడవెట్టినవ్." ఆమె తప్పు చేసిన పిల్లలా కూర్చున్నారు. గిన్నెలు మాడని ఇల్లుందా? మా ఇంట్లో వారానికొకటి మాడుతుంది.

"టీచర్, ఆ రోజు నా దగ్గర ఇంకో చాబీ ఉంది" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. ఉప్పల్‌లో చేయించిన సంగతి, పర్సు సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ మాగ్నెటో దగ్గర తడబడ్డాను. నాకు గుర్తున్నంతవరకు ఆ వైపే తిప్పాననీ, మరి ఇంజిన్ ఎలా అందుకుందో తెలియదనీ, ఒకవేళ...

"ఆగు" అన్నారు. క్లాసులో గొంతు అది. "ఏ దిక్కు తిప్పినవో తర్వాత. చాబీ పెట్టింది నువ్వేనా?"

"నేనే టీచర్."

"నా చాబీ?"

"మీ మెడలోనే ఉంది."

పాత దెబ్బ తగిలిన మణికట్టును రెండో చేత్తో పట్టుకున్నారు. "ఇన్నేండ్లు నా బుర్ర ఖరాబైందనుకున్న గదరా" అన్నారు. నా మీద అంత కోపం ఆమె కళ్లలో ఎన్నడూ చూడలేదు. కోపంలో ఆమె మళ్లీ పాత టీచర్‌లా ఉన్నారు. "నాకు చెప్పుడు కాదు. గీనికి చెప్పు. గట్టిగ చెప్పు."

డేవిడ్ కుర్చీలో ముందుకు వంగాడు. నేను లేచి నిలబడ్డాను.

"డేవిడ్ గారూ, మీ అత్తమ్మ స్విచ్ బంద్ చేశారు. మరచిపోలేదు. చెప్పకుండా వేరే చాబీ పెట్టి తిప్పింది నేను. ఆమె చెయ్యి విరిగింది నా వల్ల. ఆ రోజు ఆమె అడిగితే అబద్ధం చెప్పాను. టీచర్, నన్ను క్షమించండి."