పంతొమ్మిది సెంట్ల రవ్వ

మా ఆవిడ ముక్కుపుడకలో అర క్యారెట్ వజ్రం ఉండేదని కెనడాలో మేముండే స్కార్‌బరోలో వంద మంది దాకా నమ్ముతారు. వంద అన్నది నా లెక్క. నిజానికి మా బిల్డింగు లిఫ్టులోనూ ఆదివారం గుడి భోజనాల దగ్గరా నా చేతికి చిక్కినవాళ్ళు ఓ పాతిక మంది ఉంటారు. అందులో సగం మంది నమ్మినట్టు తలూపి పులిహోర వైపు కదిలిపోయి ఉంటారు.

పెళ్ళైన మొదటి ఏడు తెనాలిలో ఆ పుడక కొని తెచ్చినప్పుడు, అది పావు క్యారెట్ అని మా ఆవిడతో చెప్పాను. మా తోడల్లుడు అప్పటికే వాళ్ళావిడకు పావు క్యారెట్ పెట్టి ఉన్నాడు మరి. సముద్రం దాటాక ఆ పావు కాస్తా అర అయింది. అసలు సంగతి ఏమిటంటే అది పది సెంట్ల రాయి. క్యారెట్‌లో నూరో వంతును మన కంసాలులు సెంటు అంటారు. ఆవగింజకన్నా కాస్త పెద్దది, అంతే.

పోయిన చలికాలం ఆ పుడక పోయింది. మా ఆవిడ బస్సు దిగి ఇంటికొచ్చి, ముక్కు మీదుగా చుట్టుకున్న ఉన్ని స్కార్ఫ్ లాగేసరికి ముక్కు బోసిగా ఉంది. ఏ పోగుకో చిక్కుకుని దారిలోనే ఊడిపోయింది. నేను మూడు గంటలు మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. సరే, ముప్పావు గంట. అందులోనూ చాలాసేపు నిలబడే వెతికాను. మంచులో వజ్రాన్ని వెతికినవాడికే తెలుస్తుంది ఆ బాధ. ఎండ పడితే ప్రతి అడుగులోనూ వజ్రమే కనిపిస్తుంది.

ఆమెకు పదకొండో ఏట కుట్టిన ముక్కు అది. ఖాళీగా ఉంచితే బెజ్జం పూడుకుపోతుందని ఆమె భయం. మర్నాడు పొద్దున్నే బాల్కనీలోని కొబ్బరి చీపురులోంచి ఒక పుల్ల విరిచి, కడిగి, కొన నున్నగా గీకి, చిన్న ముక్క ముక్కుకు పెట్టుకుంది. చెవులు కుట్టిన పిల్లలకు పెట్టినట్టు. ఇక అక్కడి నుంచి గుడికి రావడం మానేసింది. వీడియో కాల్‌లో వాళ్ళక్కతో మాట్లాడేటప్పుడు చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చునేది. మూడు వారాల్లో మా నలభయ్యో పెళ్ళిరోజు. మా అమ్మాయి హాలు మాట్లాడి అందరినీ భోజనాలకు పిలిచేసింది.

"ముక్కున పుల్లతో నేను రాను. పూడిపోతే మళ్ళీ కుట్టించుకునే వయసా నాది?" అంది మా ఆవిడ.

"నాన్నా, కొత్త పుడక కొనడానికి నేను కూడా రానా?" అంది అమ్మాయి ఫోన్లో.

"నాకు వజ్రాలు తెలియవా ఏమిటి? ఇరవై రెండేళ్ళు క్వాలిటీ మేనేజర్‌గా చేశాను," అన్నాను.

నేను చేసింది ఇక్కడి కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో. మేనేజర్ అన్నది కూడా కొంచెం సాగదీసిన మాటే. గేజ్ పెట్టి కొలిచి, కొలత తప్పిన ముక్కను ఎర్ర డబ్బాలో పడెయ్యడం నా ఉద్యోగం.

మా ఇంటికి నాలుగు స్టాపుల అవతల ఒక చిన్న నగల కొట్టు ఉంది. అందులో కూర్చునే అమ్మాయిది కరీంనగర్. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటి ఉంటాయి. ఇక్కడికి రాకముందు హైదరాబాదులో వజ్రాల్ని నాణ్యతను బట్టి వేరుచేసే పని చేసేదట.

"అర క్యారెట్ రాయి చూపించమ్మా," అన్నాను.

"దేనికి అంకుల్?"

"ముక్కుపుడకకి."

"ముక్కుకు అర క్యారెటా! ఆంటీ ఊపిరి ఎట్ల పీల్చుకుంటది?"

బేరమాడి పావుకు దిగాను. బేరమాడింది ఆమెతో కాదు, నాతో నేనే. ఆమె మడతపెట్టిన తెల్ల కాగితం మీద పట్టకారుతో రెండు రాళ్ళు పెట్టింది.

"ఇది ఇరవై అయిదు సెంట్లు. ఇది పంతొమ్మిది. ఏది పెద్దగున్నది చెప్పుండ్రి."

కళ్ళజోడు పైకెత్తి చూశాను, కిందికి దించి చూశాను. రెండూ ఒకే వెడల్పున్నాయి.

"బరువంత దీని కడుపులున్నది అంకుల్. బరువు తగ్గొద్దని కింద లోతుగ వదిలేసిండ్రు. కట్ సరిగ లేదు. పైన పడ్డ వెలుగు కిందికే కారిపోతది. ఈ చిన్నదాన్ని మంచిగ కోసిండ్రు. వెలుగు లోపలికి పోయి మళ్ళ మీ కంటికే వస్తది."

"రెండూ బాగానే మెరుస్తున్నాయి కదమ్మా."

"షాపు లైట్ల కింద గాజుపెంకు గూడ మెరుస్తది. ఇగో, కౌంటర్ నీడల పెట్టి చూడుండ్రి."

వంగి చూశాను. నీడలోకి రాగానే పావు క్యారెట్ నడుమ బూడిదరంగు మచ్చ తేలింది. పంతొమ్మిది సెంట్లది మాత్రం ఇంకా మెలకువగానే ఉంది. ఇది నా రెండు కళ్ళతో చూశాను. చూసి కూడా పావు క్యారెట్టే కొన్నాను. ఎందుకంటే పావు అని చెప్పుకోవచ్చు, కాస్త నోరు జారితే అర అనీ చెప్పుకోవచ్చు. పంతొమ్మిది సెంట్లు అంటే ఎవరు తల తిప్పి చూస్తారు?

ఆమె అక్కడికక్కడే దాన్ని బంగారు పుడకలో బిగించి ఇస్తూ, "ఆంటీకి నచ్చకపోతే వారంల తీసుకరాండ్రి, మారుస్త," అంది. బిల్లు చేతికిచ్చి, "తెస్తరు మీరు," అని కూడా అంది.

ఇంటికెళ్ళాక మా ఆవిడ పుల్ల తీసి, కొత్త పుడక పెట్టుకుని, కిటికీ దగ్గర చేతి అద్దం పట్టుకుని నిలబడింది. మొహం అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఏమండీ, ఇది వజ్రమేనా?"

"పావు క్యారెట్!"

"నేనడిగింది అది కాదు."

నా వైపు తిరిగింది. లోతైన కడుపున్న రాయి కదా, ముక్కు మీద ఎత్తుగా నిలబడింది. ఆ బరువుకు పుడక పెదవి వైపు వాలిపోయింది. రాయి నడుమ నల్లగా ఉంది.

"ముక్కుకు మిరియం అంటించినట్టుంది," అంటూ తీసేసింది. మళ్ళీ పుల్ల పెట్టుకుంది. "మీ మాటకు సరిపోయే రాయి తెచ్చుకున్నారు. నా ముక్కుకు సరిపోయేది తేలేదు."

నలభై ఏళ్ళలో ఆమె నన్ను తిట్టిన తిట్లు వెయ్యి ఉంటాయి. ఈ లెక్కలో మాత్రం అతిశయోక్తి లేదు. కానీ అంత నెమ్మదిగా ఎప్పుడూ తిట్టలేదు.

మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. స్కార్ఫ్‌ను ముక్కు కనిపించకుండా చుట్టుకుని ఆమె కిటికీ పక్కన కూర్చుంది. రెండో స్టాపు దాటాక నాకు ధైర్యం వచ్చింది.

"ఒక మాట చెప్పాలి. పోయిన రాయి పావు క్యారెట్ కాదు."

"పది సెంట్లు," అంది కిటికీలోంచి బయటికి చూస్తూనే.

గిరుక్కున ఆమె వైపు తిరిగాను. మా అమ్మాయి పుట్టిన ఏడు పుడక మర వదులైతే వాళ్ళ పుట్టింటి కంసాలి బాగుచేస్తూ చెప్పాడట.

"మరి నన్ను ఒక్కసారీ అడగలేదేం?"

"అడిగితే ఇంకో కథ చెప్పేవారు." స్కార్ఫ్ కాస్త కిందికి లాక్కుని అంది. "మా అక్కది నిజంగానే పావు. ఇద్దరం పక్కపక్కన నిలబడితే అందరూ నా ముక్కు వంకే చూసేవాళ్ళు. ఇంక అడగడానికేముంది?"

మిగిలిన రెండు స్టాపులూ నా ఆలోచన ఆ పాత రాయి చుట్టే తిరిగింది. ఆ పది సెంట్లను అర క్యారెట్ చేసింది నా నోరేనని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. నా అబద్ధాన్ని మోసింది ఆ రాయి పనితనం. వజ్రాలు సానపట్టే సూరత్‌లోనో ఇంకెక్కడో ఒక మనిషి, బరువు పోతుందని బెంగపడకుండా, అక్కర్లేనిదంతా అరగదీసేశాడు. అలా మిగిలిన కొంచెమే వెలిగింది. నాకు ఆ అరగదీయడమే చేతకాదు. కొలతలు చూసి జీతం తీసుకున్నవాణ్ణి, ఇంటికొచ్చాక ప్రతిదానికీ ఇంత కలుపుతూ బతికాను.

కొట్టులో అమ్మాయి మమ్మల్ని చూసి నవ్వింది. "వచ్చిండ్రా అంకుల్?"

మా ఆవిడ దీపాల కింద ఏమీ చూడలేదు. ఒక చేతిలో మిరియం పుడక, ఒక చేతిలో చిన్న రాయి ఉన్న కాగితం పట్టుకుని గాజు తలుపు దగ్గరికి నడిచింది. కొట్టు అమ్మాయి కంగారుగా వెనకాలే వెళ్ళింది. బయట మబ్బు. ఆ మసక వెలుగులో రెండింటినీ చెయ్యి చాచి దూరంగా పెట్టి చూసింది. ఎన్ని సెంట్లని అడగలేదు.

"ఇది," అంది.

పెళ్ళిరోజు భోజనాల్లో ఆమె బల్లకు ఆ చివర కూర్చుని, ఎవరి మాటకో తల వెనక్కి వంచి నవ్వుతోంది. చెంపకు చెయ్యి అడ్డం లేదు. నాతో రోజూ మాల్‌లో నడిచే పెద్దమనిషి నా చెవిలోకి వంగాడు.

"ఏమండీ, మీ ఆవిడగారిది కొత్త పుడకలా ఉందే! పాత అర క్యారెట్ కంటే పెద్దదా?"

ముప్పావు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ వైపు చూశాను. నవ్వు ఆపి ఆమె కూడా ఇటే చూస్తోంది.

"ఇరవై సెంట్లు," అన్నాను.

"పంతొమ్మిది!" అంది అక్కణ్ణించే.

ఆ పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. "అంతేనా? చూస్తే అంత చిన్నదిగా లేదే!"

ఆ ఒక్క మాట వినాలనే నలభై ఏళ్ళుగా అబద్ధాలాడాను. నిజం చెప్పాక దొరికింది. నిజం అంటే, ఒక్క సెంటు తేడాతో.