బద్వేలు నీళ్లు

మా కొడుక్కి మొదటిసారి ఎగశ్వాస వచ్చినప్పుడు మా అత్త నన్ను అడిగిన మొదటి మాట, "పెరుగు తినింటివా?"

తినలేదు. బాలింతని. వెల్లుల్లి కారం, వేడన్నం తప్ప నా నోట్లోకి ఏమీ పోలేదు. అయినా నమ్మలేదు. పాలు తాగే బిడ్డకు జలుబు చేసిందంటే తల్లి చాటుగా ఏదో చల్లటిది తినే ఉంటుందని మావైపు అందరికీ ముందే తెలిసిపోతుంది. ఆ పూట నుంచి మజ్జిగ, అరటిపండు, సొరకాయ నాకు బందు. బిడ్డ మాత్రం డొక్కలెగరేస్తూనే ఉన్నాడు.

మా అత్తగారిల్లు ఓర్వకల్లు దగ్గర. ఇంటి వెనక మా మామ క్రషర్. గుట్టను పేల్చి, ఆ రాళ్లను కంకర కొట్టి టిప్పర్లకెత్తుతారు. పొద్దున ఆరేసిన బిడ్డ గుడ్డల మీద మధ్యాహ్నానికి తెల్లటి పొడి పేరుకునేది. దులిపి, వాటిలోనే బిడ్డను చుట్టి పడుకోబెట్టేదాన్ని.

కర్నూలులో పిల్లల డాక్టరు బిడ్డ ముక్కుకు మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించాడు. "ఇంటి దగ్గర పొగా దుమ్మూ ఏమన్నా ఉన్నాయా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే నా భర్త, "లేదు సార్, పల్లెటూరు. మంచి గాలి" అన్నాడు. ఆ మాటంటున్న మనిషి చొక్కా కాలరు నిండా రాతి పొడే. అక్కడే చెంప పగలగొడదామనిపించింది. "ఇంటి వెనకే క్రషర్ ఉంది, మాదే" అని నేనే చెప్పాను. బిడ్డను కొన్నాళ్లు దూరంగా ఉంచమన్నాడు డాక్టరు. దారిపొడుగునా నా భర్త పరువు గురించే మాట్లాడాడు.

బిడ్డను తీసుకుని బద్వేలులో మా అమ్మ దగ్గరికి పోయాను. అక్కడ నెల తిరక్కుండానే పిల్లికూతలు తగ్గాయి. పాలు తాగుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగడం మానేశాడు. ఈ సంగతి విని మా మామ పొంగిపోయాడు. "బద్వేలు నీళ్లు పడినాయప్పా పిల్లోనికి!" అని ఊరంతా చెప్పాడు. మమ్మల్ని తీసుకురావడానికి వచ్చిన కారు డిక్కీలో మా అమ్మవాళ్ల బోరు నీళ్లు క్యాన్లకు పట్టించి తెచ్చుకున్నాడు. అవి అయిపోతే మళ్లీ తెప్పించాడు. బిడ్డకు తాగడానికీ అవే, స్నానానికీ అవే. నీళ్లు కాదు, గాలి అని నేనంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. జిల్లా దాటి నీళ్లు మోయించిన మనిషికి, ఇంటి వెనక మిషను ఒక్క పూట ఆపడానికి మనసొప్పలేదు.

వారం తిరక్కుండా బిడ్డకు మళ్లీ ఆయాసం. "క్యానుకు పాసి పట్టిందేమో, కడిగి సూడండి" అన్నాడు మామ.

ఆ పొద్దే బిడ్డను ఎత్తుకుని బస్సెక్కాను. నా భర్త బస్టాండు దాకా వచ్చి, "జనం ఏమనుకుంటారు?" అన్నాడు. ఊపిరాడనిది జనానికి కాదు గదా!

ఇప్పుడు వాడు బద్వేలు వీధుల్లో పరుగెత్తుతున్నాడు. పరుగెత్తి ఆగినప్పుడు నేనింకా వాడి డొక్కల వైపే చూస్తుంటాను.

మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్లికి వాణ్ణి అమ్మ దగ్గర వదిలి ఒక్కదాన్నే అత్తగారింటికి పోయాను. క్రషర్‌లో పని చేస్తూ అక్కడే షెడ్డులో కాపురముండే ఒకామె, పిల్లను చంకనేసుకుని పెరటి వాకిలి దగ్గరికి వచ్చింది.

"మీ పిల్లోనికి బాగయిందంట గదక్కా. ఏం మందు ఏసినారు?"

ఆ పిల్ల ఎదలోంచి వస్తున్న కూత నేను నిలబడిన చోటికి వినిపిస్తోంది.

"మందు కాదు. ఈడ్నుంచి తీసుకపోయినా, అంతే."

ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "మాకు ఈడ తప్ప పని యాడుండాదక్కా?" అనింది.

బద్వేలులో నా కొడుకు తాగే పాలకు నా భర్త పంపే డబ్బు నెలనెలా ఆ క్రషర్ నుంచే వస్తోంది.