రెండు మజిలీల దూరం

మనిషి నిక్షేపంలా ఉంటాడు గాని, నాలుగడుగులు వేస్తే చాలు, ఎక్కడో ఒకచోట కూలబడతాడు. కూలబడ్డ చోటల్లా జేబులోంచి సుద్దముక్క తీసి నేలమీద గీత గీస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని సుద్దముక్క అనే పిలుస్తారు. వరదలొస్తే పంచాల్సిన బియ్యం, నీళ్లు, దుప్పట్లు ముందుగా ఎక్కడ దాచాలో చూసుకునే స్టోర్ల అధికారి ఆయన.

ఆయనతో నడవడమంటే భార్యకు ప్రాణసంకటం. ప్రతి ఆదివారం కూరలకని బయల్దేరి ఒక కొత్త దారి పట్టిస్తాడు. మలుపు తిరిగారో లేదో మొదలు.

"అబ్బ, ఆయాసమే! కాసేపు కూర్చుందాం."

"ఇప్పుడేగా లేచాం!"

"పోనీ నువ్వు నిలబడు."

"నడివీధిలో మొగుణ్ణి కూర్చోబెట్టి కాపలా కాయనా?" అని విసుక్కుంటూ ఆవిడా పక్కనే చతికిలబడేది. ఆయన గీత గీసేవాడు.

ఆఫీసులో పెద్ద మేడం సామానంతా స్టేడియం గోడౌన్లో పెట్టిద్దామన్నారు.

"దూరమండీ. మా వీధికి తొమ్మిది మజిలీలు. అంటే దారిలో ఎనిమిదిసార్లు కూర్చోవాలి."

"మ్యాపులో కిలోమీటరున్నరేగా?"

"వరదలో బండ్లు తిరగవు. ఎవరిది వాళ్లే మోసుకోవాలి. రెండు మజిలీలు దాటితే మూట ఇల్లు చేరదు. ప్రతి పేటలో ఓ బడి గది చాలండీ."

"మీ మజిలీల లెక్కన ఊరంతా గోడౌన్లు పెట్టమంటారా?" అని మేడం నవ్వారు. ఆయన నవ్వలేదు. కిందటి వరదలో మోయలేక దారిపొడవునా వదిలేసిన మూటల్ని కళ్లారా చూసిన మనిషి. ఒక్కసారి పంచి చూడమని బతిమాలి ఒప్పించాడు.

ఆ పంపకం రోజు వాళ్ల వీధి జనాన్నంతా గోడౌన్‌కి పిలిచారు. భార్యా వెళ్లింది. వెళ్లి చూస్తే ఏముంది, మొగుడు భుజాన బస్తాతో చకచకా మెట్లెక్కుతున్నాడు!

"ఆపండి మేడం! ఆయాసం మనిషి!"

"ఆయనకా?" మేడం తెల్లబోయారు. "లిఫ్టు చెడితే మేం ఈయన్నే పిలుస్తాం."

ఆవిడకేమీ అర్థం కాలేదు. తన మూట తీసుకుని బయల్దేరింది. కాస్త దూరం పోయేసరికి మోకాలు పట్టేసింది. కూర్చోబోతే అక్కడ సుద్దగీత. మళ్లీ నడిచింది, మళ్లీ పట్టేసింది, మళ్లీ గీత. మోకాళ్ల నొప్పని ఆవిడ డాక్టరుతో కూడా అనలేదు. ఐదో గీత దగ్గర కూర్చుని దాన్ని వేలితో మెల్లగా తడిమింది. చుట్టూ సగం వీధి మూటలు దించేసి రొప్పుతోంది. మేడం కూడా తను మోసుకొచ్చిన మూట దించి పక్కనే కూలబడి, వెనకే వచ్చిన ఆయన్ని అడిగారు.

"ఇంకా ఎన్ని మజిలీలండీ?"

"నాలుగు."

మేడం మ్యాపు మడిచారు. "ఆ బడి గదుల తాళాలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోండి."

ఆదివారం కొత్త స్టోరు చూద్దామని ఇద్దరూ బయల్దేరారు. మలుపు తిరగ్గానే ఆయన, "అబ్బ, ఆయాసమే!" అన్నాడు.

ఆవిడకు ఆ మనిషి మీద పట్టరానంత ప్రేమ కలిగింది. బయటికి మాత్రం ఎప్పటిలాగే విసుక్కుంది.

"కూర్చుందాం లెండి. మీ కోసమే కూర్చుంటున్నానని గుర్తుంచుకోండి."

"ఎలా మరిచిపోతానే?" అంటూ ఆయన సుద్దముక్క తీశాడు.